సతీష్ అడిగిన ఒక్క లైను

ఫిజియోథెరపీ చదివి ఆటల జట్లలో చేరాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు జగిత్యాలలో మా ఇంటికి వస్తుంటారు. కుర్చీలో కూర్చోగానే మొదట అడిగేది ఒక్కటే. "మేడం, పెద్ద పెద్ద ప్లేయర్లతోటి పనిచేసిండ్రు కద, ఎట్లుంటది?" ఆ తర్వాత ఏ యంత్రాలు వాడేవాళ్ళం, ఏ ఊళ్ళు తిరిగాం అని అడుగుతారు. పోయేముందు ఫొటో దిగుతారు. మీరు వద్దన్న రోజున మీ మాట ఎవరైనా విన్నారా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నా ఉద్యోగంలో అసలు కష్టమంతా అక్కడే ఉంది. కాబట్టి జీతాలు, హోదాలు, విమానాల సంగతి పక్కన పెట్టి ఆ పిల్లల కోసం దాని గురించే రాస్తున్నాను.

సాంచెల ఊరిలో

నేను పుట్టి పెరిగింది కోరుట్లలో. అమ్మ బీడీలు చుట్టేది. సాయంత్రానికి ఆమె మణికట్లు పట్టుకుపోయేవి. వేడినీళ్ళలో ముంచి నేను నెమ్మదిగా నొక్కేదాన్ని. ఈ చదువులోకి రావడానికి అదే కారణమని చెప్పలేను గానీ, నొప్పితో ఉన్న చేతిని పట్టుకోవడం నాకు కొత్త కాలేదు.

చదువయ్యాక జగిత్యాలలో చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. వారంలో కొన్ని రోజులు సిరిసిల్లలో ఎముకల డాక్టరు హనుమంతరావు గారి ఆసుపత్రికి వెళ్ళేదాన్ని. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళే. సిరిసిల్లలో వాటిని సాంచెలంటారు. పొద్దంతా నిలబడి, వంగి, చేతులెత్తి చేసే పని. భుజాలు, నడుములు, పిక్కలు, ఏవీ మిగలవు.

ఒకసారి భూమయ్య అనే ఆయన కుడి భుజం పట్టుకుని వచ్చాడు. చెయ్యి చెవి దాకా కూడా లేవడం లేదు. వ్యాయామాలు నేర్పి, కొన్నాళ్ళు సాంచెల పని మానేసి విశ్రాంతి తీసుకోమన్నాను. ఆయన నవ్వాడు.

"గా ముచ్చట మా సేటుకు చెప్పుండ్రి మేడం. నాకెందుకు చెప్తున్నరు?"

ఆ మాట హనుమంతరావు గారి చెవిన పడింది. ఆయన నన్నేమీ అనలేదు. మర్నాడు భూమయ్య పనిచేసే సాంచెల యజమానిని పిలిపించి, తన ఎదురుగా కూర్చోబెట్టుకుని, భుజం లోపల ఏం జరుగుతోందో బొమ్మ గీసి చెప్పారు. యజమాని కాసేపు గొణిగి, భూమయ్యను కూర్చుని నూలు కండెలు చుట్టే పనికి మార్చాడు. ఎండాకాలం దాటేసరికి చెయ్యి పైకి లేచింది.

"సువర్ణా, రెస్ట్ అనేది పేషెంట్ చేతుల ఉండదు. ఎవరి చేతుల ఉందో ముందు గది తెలుసుకో," అన్నారు డాక్టరు గారు. నేను పనిచేసిన పెద్దవాళ్ళలో ఆయనంత మంచివాడు మళ్ళీ దొరకలేదు. ఆయన మాట వినే యజమానులు ఆ ఊళ్ళో ఉండేవారు. అన్నిచోట్లా అలాగే ఉంటుందనుకున్నాను.

కూత

కబడ్డీ టీవీలోకి వచ్చాక జట్లకు ఫిజియోలు కావలసివచ్చారు. హనుమంతరావు గారి సిఫారసుతో నేనూ ఒక జట్టులో చేరాను. దాని పేరు రాయను. అక్కడ ఇంకా ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు ఉన్నారు. జట్టు యజమానిని అందరం ఛైర్మన్ గారనేవాళ్ళం. రోజువారీ వ్యవహారమంతా మేనేజర్ ప్రసాద్ గారిది. ఆయన గుంటూరు వైపు మనిషి. మర్యాదస్తుడు. ప్రతి ఆటగాడి తల్లి పేరూ ఆయనకు తెలుసు.

జట్టులో ఫిజియో పని బయటివాళ్ళు అనుకున్నంత గొప్పగా ఉండదు. మంచుగడ్డలు, పట్టీలు, తైలం వాసన. ఎక్కువ సమయం బల్ల మీద పడుకున్నవాడి మాటలు వినడంలోనే గడుస్తుంది. ఆటగాడు కోచ్‌కు చెప్పనిది, ఇంట్లో చెప్పనిది, మన బల్ల మీద బోర్లా పడుకున్నప్పుడు చెప్తాడు. అది విని ఊరుకోవాలో, ఎవరికైనా చెప్పాలో ఏ కాలేజీలోనూ నేర్పరు.

సతీష్ నాకు అలా బల్ల మీదే పరిచయమయ్యాడు. సిరిసిల్ల కుర్రాడు. తండ్రి రాజేశం వేరేవాళ్ళ సాంచెలు నడిపేవాడు. సతీష్ సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. అవతలి కోర్టులోకి కూతకు వెళ్తే తొందరపడేవాడు కాదు. నిలబడి చూసేవాడు. ఎదుటివాడు ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, తాకి వెనక్కి వచ్చేసేవాడు. అతని కూత మైదానమంతా వినపడేది. గొంతు అంత ఎట్లా వచ్చిందని అడిగితే సిగ్గుపడ్డాడు.

"మా ఇంట్ల అందరం గట్టిగనే మాట్లాడుతం మేడం. బయట సాంచెల చప్పుడు గట్లుంటది. మెల్లగ మాట్లాడితే ఎవ్వలికి ఇనరాదు."

చూస్తుండగానే జట్టు అంటే సతీష్, సతీష్ అంటే జట్టు అన్నట్టయింది. సిరిసిల్ల ఆటోల వెనుక అతని బొమ్మలు వెలిశాయి. ఛైర్మన్ గారు తన కూతురి పెళ్ళిలో అతన్ని పక్కన నిలబెట్టుకుని బంధువులందరికీ పరిచయం చేశారు. ఆ ప్రేమ నటన అని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడూ అనుకోను.

సూది

నేను చేరిన మూడో ఏడు సెమీఫైనల్‌కు ముందు మ్యాచ్‌లో ఒక డిఫెండర్ సతీష్ చీలమండ పట్టుకున్నాడు. కాలు అక్కడే ఉండిపోయి ఒళ్ళు మాత్రం పక్కకు తిరిగింది. పొద్దున్నకు మోకాలు ఉబ్బింది. స్కాన్‌లో లిగమెంట్ కొంత చీలినట్టు కనపడింది. కోచ్‌కు చెప్పాను, ప్రసాద్ గారికి చెప్పాను, హనుమంతరావు గారిని తలచుకుని నేరుగా ఛైర్మన్ గారి దగ్గరికే వెళ్ళి బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు.

"మీరు చెప్పింది అర్థమైంది సువర్ణ గారూ. కానీ సెమీఫైనల్ కదా," అన్నారు.

సాయంత్రం బయటి నుంచి ఒక డాక్టరు వచ్చాడు. నాతో మాట్లాడలేదు. మోకాలు మొద్దుబారేలా సూది వేశాడు. సతీష్ నా వైపు చూశాడు.

"మీరేమంటరు మేడం?"

"ఆడద్దు అంటున్న," అన్నాను, ఆ డాక్టరు ముందే.

కోచ్ తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. సతీష్ లేచి షూ వేసుకున్నాడు.

జట్టు గెలిచింది. ఫైనల్లోనూ అలాగే ఆడించారు. అందులో జట్టు ఓడిపోయింది. ఆ తర్వాత బస్సు మెట్లు ఎక్కలేక అతను రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాడు. పట్టీ కోస్తుంటే నాతో చెప్పిన మాట ఇది:

"నొప్పి లేకుండె మేడం. గందుకే భయమైంది. కాలు నాది కానట్టే అనిపిచ్చింది. ఇరిగినా నాకు ఎరుక కాకపోవు."

మీరు నేర్చుకునే పాఠాల్లో నొప్పిని తగ్గించడం గురించి చాలా ఉంటుంది. నొప్పి లేకపోతే ఆటగాడు ఎంత ఒంటరివాడవుతాడో ఆ రోజు సతీష్ ముఖంలో చూశాను.

ఆఫీసు గది

సతీష్ ఒప్పందం ఆ సీజన్‌తో ముగిసింది. కొత్తది రాసుకోవడానికి ఛైర్మన్ గారు పిలిచారు. మోకాలి పరిస్థితి చెప్పడానికి నన్నూ కూర్చోబెట్టారు. రాజేశం సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

ఛైర్మన్ గారు జీతం పెంచుతామన్నారు. సతీష్ తల అడ్డంగా ఊపాడు.

"పైసలు పెంచకుండ్రి సార్. పాతయే ఇయ్యుండ్రి. ఒక్క లైను మాత్రం రాయుండ్రి. ఫిజియో మేడం ఆడద్దన్న మ్యాచ్ నన్ను ఆడమని అడగద్దు. గంతే."

ప్రసాద్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నువ్వడిగిన దాంట్లో తప్పు లేదు బాబూ," అన్నారాయన. "కానీ నీకు రాస్తే రేపు అందరికీ రాయాలి. ఎవడు ఆడాలో, ఎవడు ఆడకూడదో ఫిజియో గారు చెప్తే ఇక కోచ్ ఎందుకు చెప్పు?"

"కోచ్ సాబ్‌కు నా కాలు నొప్పి తెలుస్తదా సార్?"

ఛైర్మన్ గారికి కోపం రాలేదు. అది నాకు బాగా గుర్తు. కుర్చీలో వెనక్కి వాలి, "నీకు ఇష్టమైనంత కాలం ఆలోచించుకో. నేను ఆగుతాను," అన్నారు.

ఆ మాట బరువు ఎంతో ఆ క్షణాన తండ్రీకొడుకులకు తెలియలేదు. లీగు నియమాల ప్రకారం, ఒప్పందం ముగిసినా ఒక ఆటగాణ్ణి తర్వాతి సీజన్‌కు అట్టిపెట్టుకునే హక్కు జట్టుకు ఉంది. అట్టిపెట్టుకున్నవాడు వేలానికి పోలేడు. అంటే వేరే జట్టుకు ఆడలేడు. సంతకం పెట్టకపోతే సొంత జట్టుకూ ఆడలేడు. జట్టు ఏమీ చేయనక్కర్లేదు. ఎవరినీ బెదిరించనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. జట్టుకు ఏటా సీజన్ వస్తూనే ఉంటుంది. కూతకు వెళ్ళే రైడర్‌కు కాళ్ళలో బలముండే ఏళ్ళు కొన్నే.

రాజేశం బయటికొచ్చాక నన్ను అడిగాడు.

"మావోడు అడిగింది తప్పా మేడం?"

"తప్పు కాదు."

"మరి ఎందుకిస్తలేరు?"

మెట్లు దిగుతున్నప్పుడు రాజేశం కొడుకు మోచెయ్యి పట్టుకుని నడిచాడు, కాలు ఇంకా వాపుతోనే ఉన్నందుకు.

జగిత్యాలలో ఎండాకాలం

సీజన్లు లేనప్పుడు నేను ఇంటి దగ్గరే ఉండేదాన్ని. ప్రసాద్ గారు ఫోన్ చేశారు. "మీ మాటంటే వాడికి గురి. ఒకసారి వెళ్ళి నచ్చజెప్పండి మేడం. ఆ లైను మీ గురించే కాబట్టి, మీరే అక్కర్లేదంటే పోయె కదండీ."

సిరిసిల్ల వెళ్ళాను గానీ నచ్చజెప్పడానికి వెళ్ళలేదు. మోకాలు చూడటానికి వెళ్ళాను. వాళ్ళ గల్లీలో అడుగుపెడితే మాట వినపడదు. సతీష్ తల్లి లక్ష్మి చాయ్ ఇస్తూ నా చెవి దగ్గరికి వచ్చి మాట్లాడింది.

"సంతకం పెట్టమని చెప్పుండ్రి మేడం. ఇంటి కాడుంటే మందికి జవాబు చెప్పలేక సస్తున్న. బజారుకు పోతే గదే అడుగుతరు. మీ కొడుకును తీసేసిండ్రా అంటరు."

సతీష్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "అమ్మా, మేడం పరేషానైతది. ఊకో," అన్నాడు.

ఆ రోజు నేను చెప్పింది ఒక్కటే. సంతకం సంగతి నువ్వే చూసుకో, కాలు సంగతి నాకు వదిలెయ్. అప్పటి నుంచి అతను సిరిసిల్ల నుంచి వేములవాడ మీదుగా బండి మీద జగిత్యాల వచ్చేవాడు. పొద్దున్నే మా ఇంటి వెనక రేకుల షెడ్డులో వ్యాయామాలు, ఆ తర్వాత స్కూలు మైదానంలో నడక, పరుగు, పక్కకు దూకడం. నొప్పిని దాచేవాడు కాదు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. నేను పనిచేసిన మోకాళ్ళన్నిటిలోకీ అంత బాగా కుదిరింది మరొకటి లేదు. వానలు పడేనాటికి ఒక్క కాలి మీద కూర్చుని లేచేవాడు. మైదానంలో నడవడానికి వచ్చే ముసలివాళ్ళు ఆగి చూసేవారు. "ఎప్పుడు పడుతది బిడ్డా మ్యాచు?" అని అడిగేవారు. సతీష్ నవ్వి ఊరుకునేవాడు.

పెగడపల్లి నవీన్

నవీన్‌ది పెగడపల్లి. వ్యవసాయ కుటుంబం. జిల్లా పోటీల్లో సతీష్ ఆట చూసి, అతని వెంటపడి రైడింగ్ నేర్చుకున్న కుర్రాడు. సతీష్ జగిత్యాల వస్తున్నాడని తెలిసి అతనూ మైదానానికి రావడం మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి ఆడుతుంటే అన్నదమ్ములనుకునేవారు. భుజం వంచడం దగ్గర్నుంచి అంతా ఒకటే తీరు.

ఒక పొద్దున నవీన్ ఆడకుండా గట్టు మీద కూర్చున్నాడు. సతీష్ దగ్గరికి వెళ్ళాడు. నేను పక్కనే పట్టీలు చుట్టుకుంటున్నాను.

"ఏమైందిరా?"

"ప్రసాద్ సార్ ఫోన్ చేసిండు అన్న. క్యాంపుకు రమ్మన్నరు. నీ జాగల." అతను తల ఎత్తలేదు. "నువ్వు వద్దంటే పోను. ఒట్టు."

సతీష్ అతని పక్కన గట్టు మీద కూర్చున్నాడు. మైదానం అవతల స్కూలు పిల్లలు ప్రార్థన పాడుతున్నారు. నవీన్ వెళ్ళకపోతే జట్టుకు ఇబ్బంది. జట్టుకు ఇబ్బందైతేనే ఆ లైనుకు విలువ. ఇది సతీష్‌కు నాకంటే బాగా తెలుసు.

"పో," అన్నాడు చివరికి. "నువ్వు పోకుంటే ఇంకోన్ని పిలుస్తరు. గాడెవడో పోయేకంటె నువ్వు పోవుడే మంచిది. మీ నాయినకు చెప్పినవా?"

"లేదు. ముందుగాల నీకే చెప్దామని..."

"లే మరి. ఎడమ దిక్కు తిరిగేటప్పుడు బరువంత మోకాలి మీద ఏస్తున్నవ్. పోయేలోపు గది సక్కజేసుకుందాం."

అలా క్యాంపు మొదలయ్యేదాకా తన చోటు తీసుకోబోయేవాడికి సతీష్ రోజూ ఆట నేర్పాడు. నేను చూస్తూ ఉన్నాను. అతను ఇంటికి బయలుదేరేటప్పుడు హెల్మెట్ పెట్టుకుని, బండి స్టార్ట్ చేయకుండా కాసేపు అలాగే కూర్చునేవాడు.

క్యాంపుకు కొద్ది రోజుల ముందు మా వరండాలోంచి ప్రసాద్ గారికి ఫోన్ చేశాడు.

"సార్, గా లైను ఏం వద్దు. మీరు రాసినట్టే సంతకం పెడుత. క్యాంపుకు వస్త."

అవతల ఏమన్నారో నాకు వినపడలేదు. సతీష్ "సరే సార్, సరే సార్" అని పెట్టేశాడు. ఛైర్మన్ గారిని అడిగి చెప్తానన్నారట. ఆ జవాబు రాలేదు. నవీన్ బొమ్మతో కొత్త పోస్టర్ మాత్రం వచ్చింది.

నేను ప్రసాద్ గారిని అడిగాను. "మరి వదిలిపెట్టచ్చు కదండీ. వేరే జట్టుకు పోతడు."

ఆయన గొంతు తగ్గించారు. "వేరే జట్టుకెళ్ళి మనల్నే ఓడిస్తాడని ఛైర్మన్ గారి భయం మేడం. ఈ ఏడాదికి ఉంచేద్దామన్నారు. నేను చెప్పి చూశానండి."

చెప్పి చూశారనే నమ్ముతాను. జట్లలో ఇలాంటి మంచివాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళు చెప్పి చూస్తారు.

వేలం

ఆ సీజనంతా సతీష్ టీవీలో చూశాడు. నవీన్ బాగా ఆడాడు. ప్రతి మ్యాచ్ తర్వాత సతీష్‌కు ఫోన్ చేసేవాడు. మరుసటి ఏడు జట్టు సతీష్‌ను వదిలేసింది. వేలంలో అతని పేరు చదివారు. ఏ జట్టూ చెయ్యెత్తలేదు. ఆట మరిచిపోయాడని ఎవరూ అనలేదు. "కండిషన్లు పెట్టే కుర్రాడట కదా అని మిగతా జట్లవాళ్ళు అడుగుతున్నారండీ," అన్నారు ప్రసాద్ గారు.

వేలం రోజు అతను సిరిసిల్లలో ఇంట్లో అందరితో కలిసి కూర్చుని చూశాడు. పేరు దాటిపోయాక లేచి వెళ్ళి తండ్రితో పాటు సాంచెల మీద నిలబడ్డాడట. లక్ష్మి నాకు ఫోన్‌లో చెప్పింది. "ఏడిసినా బాగుండు మేడం."

ఆ మరుసటి నెలలో కోరుట్లలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేరాడు. నేను కుదిర్చిన మోకాలు మళ్ళీ మ్యాట్ మీదికి ఎక్కలేదు. అది ఇప్పటికీ ఏ నొప్పీ లేకుండా ఉంది. పిల్లలతో పాటు పరుగెత్తుతాడు, మెట్లు ఎక్కుతాడు. చూసినప్పుడల్లా నాకు సంతోషమూ కలగదు, గర్వమూ కలగదు.

నేను ఉద్యోగం వెంటనే మానేయలేదు. నవీన్ అక్కడ ఉన్నాడు. నేను వెళ్ళిపోతే అతని మోకాలికి ఆ మాత్రం అడ్డు చెప్పేవాళ్ళు కూడా ఉండరని అనుకున్నాను.

అడ్డు చెప్పాను కూడా. ఆ ఏడు మధ్యలో నవీన్ మోకాలి లిగమెంట్ సాగింది. ఆడొద్దన్నాను. మళ్ళీ ఛైర్మన్ గారి గదికి వెళ్ళాను, మళ్ళీ బొమ్మ గీశాను. ఆయన మళ్ళీ ఓపికగా విన్నారు. మళ్ళీ అదే డాక్టరు వచ్చాడు. "అన్న అడిగిన లైను నేను అడగలే మేడం," అన్నాడు నవీన్ షూ కట్టుకుంటూ, తప్పు తనదైనట్టు.

ఆ మ్యాచ్‌లో ముగ్గురు డిఫెండర్లు ఒకేసారి మీద పడ్డారు. మొద్దుబారిన మోకాలు కీలు తప్పింది. నేను మ్యాట్ మీదికి పరుగెత్తేసరికి నవీన్ తన కాలి వైపు ఆశ్చర్యంగా చూస్తున్నాడు. అప్పటికింకా నొప్పి తెలియలేదు. లిగమెంట్లు ఆపరేషన్‌తో అతికాయి. పాదాన్ని పైకెత్తే నరం మాత్రం చచ్చిపోయింది.

ఆ సీజన్ చివర నేను రాజీనామా చేశాను.

ఇప్పుడు ఆ లైను ఉంది

నవీన్ పడిపోవడం టీవీలో అందరూ చూశారు. గొడవైంది. ఆ తర్వాత మా జట్టు కొత్త ఒప్పందాలన్నిటిలో ఒక లైను చేర్చింది. ఆఖరి రోజున ప్రసాద్ గారు నాకు ఆ కాగితం చూపించారు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. "చూశారా మేడం, సతీష్ అడిగింది వచ్చేసింది."

ఆరోగ్య కారణాల వల్ల ఆటగాడు ఆడాలా వద్దా అన్నదానిపై జట్టు నియమించిన వైద్యుడిదే తుది నిర్ణయమని అందులో ఉంది.

నేను దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని కోరుట్లలో సతీష్‌కు చూపించాను. స్కూలు గేటు దగ్గర నిలబడి చదివాడు.

"వైద్యుడంటే ఎవరు మేడం? గా సూది డాక్టరేనా?"

"ఆయనే."

ఫోన్ నాకు తిరిగిచ్చాడు.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆ లైనులో ఉన్న వైద్యుడి కుర్చీలో రేపు మీలో ఎవరో ఒకరు కూర్చుంటారు. మంచి జీతమిస్తారు. మర్యాదగా మాట్లాడతారు. మీరు ఆడొద్దంటే ఓపికగా వింటారు, ఆ తర్వాత మీకంటే మెత్తనివాణ్ణి వెతుక్కుంటారు. మీ ఒక్కరి మాటతో ఆట ఆగుతుందని నేను చెప్పలేను, నా విషయంలో ఆగలేదు. అయినా ఆడొద్దన్న మాట అందరూ వినేలా అనండి. ఆటగాడు షూ వేసుకుంటున్నప్పుడు, అతన్ని ఆడించేవాళ్ళ ముందే అనండి. జరిగింది తన తప్పేనని అతను తర్వాత అనుకోకుండా ఉండటానికైనా అది పనికొస్తుంది.

పోయిన నెల సతీష్ బండి మీద నన్ను పెగడపల్లి తీసుకెళ్ళాడు. నవీన్ ఇంటి ముందు మంచం మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. వాళ్ళ నాన్న పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. నవీన్ నన్ను చూసి లేవబోయాడు.

"మేడం, నిజం చెప్పుండ్రి. మల్ల ఆడుతనా?"

సతీష్ నా వైపు చూశాడు. వాళ్ళ నాన్న చెంబు పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"ఆడవు నవీన్. నడుస్తవు. బండి నడుపుతవు. కబడ్డీ ఆడవు," అన్నాను.

నవీన్ మొహం తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. సతీష్ వెళ్ళి మంచం కొసన కూర్చున్నాడు. నవీన్ పాదం తన ఒళ్ళోకి తీసుకున్నాడు. జగిత్యాల షెడ్డులో నేను తనకు చేసినట్టే మడమ కింద ఒక చెయ్యి పెట్టి, వేళ్ళ మీద ఒక చెయ్యి వేశాడు.

"పైకి లేపు," అన్నాడు.

పాదం కదల్లేదు.

"మల్ల లేపు," అని, తన చేత్తో మెల్లగా పైకి లేపాడు.